మల్లి కీళ్ల నొప్పికి శల్లకి మాత్రలు: ఎనిమిది నెలలు వాడిన మీదట

అందుగు చెట్టు జిగురుకు ఆయుర్వేదంలో శల్లకి అని పేరు. ఆ జిగురు సారంతో చేసిన మాత్రలను మా ఇంటి లాబ్రడార్ మల్లికి తుంటి కీళ్ల నొప్పి కోసం, పశువైద్యుడి సలహా మీద, కిందటి ఆషాఢం నుంచి ఇస్తున్నాను. ఇప్పటికి ఎనిమిది నెలలు నిండాయి. తిరుపతిలో ముసలి కుక్కలను సాకుతున్నవాళ్లు చాలామంది ఈ మాత్రలు పనిచేస్తాయా, ఎక్కడ దొరుకుతాయి, ఎంత ఖర్చవుతుంది అని నన్ను అడుగుతూ వచ్చారు. ఒక్కొక్కరికి వీధిలో నిలబడి అరకొరగా చెప్పడం కంటే మంచీ చెడూ వివరంగా ఒకచోట రాయడమే మేలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ మాత్రలు మల్లికి మేలు చేశాయనే నమ్ముతున్నాను. అయితే ఆ మేలు చిన్నది, నెమ్మదిగా కనిపించేది, మిగతా జాగ్రత్తలు తీసుకోకపోతే నిలవనిది.

మల్లికి పదకొండేళ్లు. దాని నడకలోని తేడాను రెండేళ్ల కిందట మొదట పట్టుకున్నది మా అత్తగారు. "చూడమ్మా, ఇది మెట్లెక్కేటప్పుడు ఎనక్కాళ్లు రెండూ ఒకేసారి ఎత్తి దూకతా ఉండాది" అని ఆమె అంటే, ముసలితనంలో అదొక అలవాటేమోనని నేను కొట్టిపారేశాను. కుందేలులా రెండు వెనుక కాళ్లనూ కలిపి ఎత్తి వేయడం తుంటి కీలు సరిగ్గా అమరని కుక్కల్లో కనిపించే లక్షణమని తర్వాత తెలిసింది. లాబ్రడార్లలో ఈ లోపం ఎక్కువ. తొడ ఎముక తల దాని గుంటలో వదులుగా కూర్చుంటుంది, ఏళ్ల తరబడి ఒరుసుకుని మృదులాస్థి అరిగిపోతుంది, చుట్టూ వాపు చేరుతుంది. మన ఊరి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో తీసిన ఎక్స్-రేలో రెండు తుంటి కీళ్ల అంచులూ గరుకుగా, ఎముక పెరిగినట్టుగా కనిపించాయి. కళాశాల 1955 నుంచి ఉంది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంగా ఎదిగింది. ఇంత దగ్గర్లో ఇటువంటి వైద్యం దొరకడం తిరుపతి వాళ్ల అదృష్టమని నా భావన, దాన్ని వాడుకోకుండా మొదట నేను చేసిన తప్పు వల్ల ఆ మాట మరీ గట్టిగా చెబుతున్నాను.

ఆ తప్పు ఏమిటో చెప్పాలి, ఎందుకంటే శల్లకి దాకా నేను రావడానికి కారణం అదే. కిందటేడాది సంక్రాంతి రోజుల్లో చలికి మల్లి లేవలేక మూలుగుతుంటే, పండుగ పూట డాక్టరు దొరకరని ఒక మందుల అంగడిలో అడిగి, మనుషులకిచ్చే ఇబుప్రొఫెన్ మాత్రలు తెచ్చి రెండు రోజులు వేశాను. మూడో రోజు పొద్దున అది కాఫీ పొడి కలిపిన నీళ్ల వంటి వాంతి చేసుకుంది, విరేచనం తారులాగా నల్లగా వచ్చింది. కడుపు లోపలి పొర పుండై రక్తం కారుతోందని డాక్టరు చెప్పినప్పుడు నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఇటువంటి నొప్పి మాత్రలు వాపును కలిగించే ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి. కాని అదే కుటుంబానికి చెందిన రసాయనాలు కడుపు పొరను కాపాడుతూ, మూత్రపిండాలకు రక్తం సరిగ్గా అందేలా చూస్తుంటాయి. వాటినీ ఆ మాత్ర ఆపేస్తుంది. కుక్క శరీరానికి ఇబుప్రొఫెన్‌ను తట్టుకునే శక్తి మనకంటే చాలా తక్కువ. మల్లి బతికింది, పది రోజుల్లో అన్నం తినింది, కాని రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ కొద్దిగా పెరిగి ఆ తర్వాత కూడా పూర్తిగా దిగలేదు.

ఆ కారణంగానే కుక్కలకు మామూలుగా ఇచ్చే నొప్పి మందు మెలాక్సికామ్‌ను కూడా మల్లికి రోజూ ఇవ్వడానికి డాక్టరు ఒప్పుకోలేదు. బాగా బాధపడే రోజుల్లో మాత్రమే, తూకం వేసి, తక్కువ మోతాదులో ఇవ్వమన్నారు. మిగతా రోజుల మాటేమిటని నేను అడిగినప్పుడు మూడు సంగతులు చెప్పారు: బరువు తగ్గించడం, చేపనూనె, శల్లకి. "శల్లకిని మందుకు తోడుగా వాడండమ్మా, మందు మానేసి దీని మీద ఆధారపడకండి" అన్న ఆయన మాటను ఈ ఎనిమిది నెలలూ నేను తు.చ. తప్పకుండా పాటించాను.

శల్లకి జిగురులో బోస్వెల్లిక్ ఆమ్లాలు ఉంటాయి. వాపుకు శరీరంలో ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల దారిని మూస్తే, బోస్వెల్లిక్ ఆమ్లాలు ప్రధానంగా లూకోట్రైన్లు అనే వాపు రసాయనాలు తయారయ్యే రెండో దారిలో, 5-లైపాక్సిజినేజ్ అనే ఎంజైమును నిదానింపజేస్తాయి. కడుపు పొర మీద దీని భారం తక్కువగా ఉండటానికి అదే కారణం. కుక్కల మీద జరిగిన పరిశీలన కూడా ఒకటి ఉంది. 2004లో స్విట్జర్లాండ్ పశువైద్య పత్రికలో వచ్చిన ఆ పరిశీలనలో కీళ్ల, వెన్నెముక నొప్పులున్న 29 కుక్కలకు ప్రతి 10 కిలోల బరువుకు 400 మిల్లీగ్రాముల చొప్పున శల్లకి సారాన్ని ఆరు వారాలు ఇచ్చారు. రెండు వారాలకే, లెక్కలోకి తీసుకున్న 24 కుక్కల్లో 17 కుక్కలు కుదుటపడ్డాయి. ఐదు కుక్కలకు కొద్దిరోజులు విరేచనాలు, కడుపులో గాలి వచ్చాయి. అయితే ఈ పరిశీలనలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిచూసిన గుంపు లేదు, ఏ కుక్కకు ఏమిస్తున్నారో అందరికీ తెలుసు. కాబట్టి ఇది ఆశ పెట్టుకోదగిన ఆధారమే గాని తిరుగులేని రుజువు కాదు. దీనితో పోలిస్తే చేపనూనెకు ఆధారాలు ఇంకా బలంగా ఉన్నాయని డాక్టరు చెప్పారు, దాన్నీ ఇస్తున్నాను.

ఇక కొనడం దగ్గరికి వస్తే, అసలు చిక్కు పేరుతోనే మొదలైంది. నేను మొదట వెళ్లిన అంగడిలో శల్లకి కావాలంటే, "ఇదేనమ్మా, సాంబ్రాణి" అని పావుకిలో పొట్లం కట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి ఒక పలుకు పగలగొట్టి చూస్తే వనిల్లా వాసన వచ్చింది. అనుమానంతో మర్నాడు గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఉన్న మరో నాటుమందుల అంగడికి ఆ పొట్లం పట్టుకెళ్లాను. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన పలుకును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "ఇది ధూపానికమ్మా, కడుపులోకి ఇచ్చేది కాదు" అన్నారు. అది సుమత్రా వైపు నుంచి వచ్చే సాంబ్రాణి, స్టైరాక్స్ అనే వేరే చెట్టు జిగురు. నేనప్పుడే దాన్ని మల్లికి వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేస్తుంది.

ఆ పెద్దాయన ఓపిగ్గా నాలుగు సీసాలు దించి, నాలుగు రకాల జిగురు పలుకులను నా అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించారు. సాంబ్రాణి అని మనం ఇంట్లో ధూపం వేసేది ఒకటి. పరంగి సాంబ్రాణి అని పాతవాళ్లు పిలిచేదే అందుగు జిగురు, అదే శల్లకి. లేత పసుపు రంగులో, కన్నీటి బొట్ల ఆకారంలో ఉంటుంది, పంటి కింద మొదట పొడిపొడిగా ఉండి తర్వాత మైనంలా అతుక్కుంటుంది, చేదుగా ఉంటుంది. గుగ్గులు మూడోది, అది కామిఫోరా అనే ఎడారి పొద జిగురు, దాని గుణం వేరు, మోతాదు వేరు. గుగ్గిలం నాలుగోది, మన వైపు జాలారి వంటి చెట్ల నుంచి వచ్చే గట్టి జిగురుకు ఆ పేరు వాడతారు. గుగ్గులు, గుగ్గిలం అన్న రెండు మాటలు చెవికి ఒక్కటిగానే వినిపిస్తాయి కాబట్టి నోటిమాటతో కొంటే పొరపాటు జరగడానికి ఎంత అవకాశముందో ఊహించవచ్చు. ఆ రోజు ఆయన నాకు అమ్మింది ఏమీ లేదు. పలుకులు కొని ఇంట్లో పొడి చేసుకోవద్దని, జిగురులో మట్టి, బెరడు ముక్కలు, వేరే జిగురుల కల్తీ ఉంటాయని, ప్రాణమున్న దానికి కొలత తెలిసిన మాత్రలే ఇవ్వాలని చెప్పి, వారంలో తెప్పిస్తానన్నారు. సరుకు చేతిలో ఉండి కూడా అమ్మని ఆ నిజాయితీ వల్లనే ఈ ఎనిమిది నెలలూ వేరే అంగడి మెట్లు ఎక్కలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. తిరుమల కొండల్లో కొండసాంబ్రాణి అనే చెట్టు ఉంది. శాస్త్రీయంగా దాని పేరు బోస్వెల్లియా ఒవాలిఫోలియోలాటా. అందుగు చెట్టుకు తోబుట్టువు వంటిది, అయితే శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ఎర్రచందనం సంగతి అందరికీ తెలుసు గాని, దాని పక్కనే రాళ్ల సందుల్లో బెరడు పొరలు పొరలుగా ఊడుతూ నిలబడే ఈ చెట్టు సంగతి మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. జిగురు కోసం బెరడును మితిమీరి నరకడం వల్ల చెట్లు ఎండిపోతున్నాయి. అంతరించిపోయే ముప్పున్న జాతుల్లో దీన్ని చేర్చారు. శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ కేంద్రమైంది, అక్కడి నుంచి జిగురు తేవడం తగని పని. నాకు తెలిసిన ఒకరు "మీ కుక్కకు కొండ మీది అసలైన సాంబ్రాణి తెప్పిస్తా, అంగడి మాత్రలెందుకు" అని ప్రేమగానే అన్నారు. వద్దని చెప్పాను. కుక్కల మీద పరిశీలించింది అందుగు జిగురును, కొండసాంబ్రాణిని కాదు. రెండూ ఒకే జాతి కుటుంబమైనా ఒకదాని మోతాదు ఇంకొకదానికి సరిపోతుందని చెప్పే ఆధారం లేదు. అంతకంటే ముఖ్యంగా, మా మల్లి కాళ్ల కోసం ఏడుకొండల మీది చెట్టు ఒళ్లు చీల్చడం నాకు సమ్మతం కాదు. అందుగు చెట్టు మధ్య భారతంలోని మెట్ట అడవుల్లో విస్తారంగా పెరుగుతుంది, మాత్రలకు వాడేది ఆ జిగురే.

మాత్రల తయారీదారు పేరు కావాలనే రాయడం లేదు. ఒకే పేరుతో ఎన్నో సంస్థలు శల్లకి తయారు చేస్తున్నాయి కాబట్టి, పేరు కంటే డబ్బా మీద ఏముందో చదవడం నేర్చుకుంటే ఎక్కువ ఉపయోగం. నేను తెచ్చే డబ్బా మీద బోస్వెల్లియా సెరాటా అన్న శాస్త్రీయ నామం, ఒక్కో మాత్రలో 500 మిల్లీగ్రాముల జిగురు సారం ఉందన్న లెక్క, అందులో బోస్వెల్లిక్ ఆమ్లాలు ఎంత శాతమో, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉన్నాయి. కేవలం "శల్లకి చూర్ణం" అని రాసి సారం సంగతి చెప్పని డబ్బాను మేము వెనక్కిచ్చాం. తియ్యగా ఉండే నమిలే మాత్రలు కొనేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే చక్కెరకు బదులుగా వాడే జైలిటాల్ మనకు హాని చేయకపోయినా కుక్కల రక్తంలో చక్కెరను ప్రాణం మీదికి వచ్చేంతగా పడగొడుతుంది. కీళ్లనొప్పులకు ఆయుర్వేదంలో పేరున్న మహాయోగరాజ గుగ్గులు కూడా మంచిదే కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అందులో నాగభస్మం, వంగభస్మం ఉంటాయి, అంటే సీసం, తగరం. మూత్రపిండాలు నలిగిన కుక్కకు అటువంటివి ఇవ్వాలన్న ఆలోచనే రాకూడదు. మూలిక అన్న మాట వినగానే హాని చేయదనుకోవడం పెద్ద పొరపాటని నేను ఈ ఏడాది నేర్చుకున్నాను.

ఇచ్చే పద్ధతి సులభమే గాని చేదు వల్ల మొదటి వారం ఇబ్బంది పడ్డాం. మల్లి పొద్దున పెరుగన్నం, రాత్రి రాగి సంగటి తింటుంది. మాత్రను సంగటి ముద్ద మధ్యలో పెడితే నాలుకతో నేర్పుగా వేరు చేసి, మాత్రను గచ్చు మీద వదిలేసేది. మెత్తగా పొడి చేసి, పావు చెంచా నెయ్యిలో రంగరించి, ఉడకబెట్టిన కోడిమాంసం పీచుతో కలిపి ముద్ద చేస్తే ఇప్పుడు గుటుక్కున మింగేస్తోంది. నెయ్యి రుచి కోసం మాత్రమే కాదు. బోస్వెల్లిక్ ఆమ్లాలు కొవ్వులో కరిగేవి. మనుషుల మీద జరిపిన పరిశీలనలో కొవ్వున్న భోజనంతో తీసుకున్నప్పుడు అవి రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరాయి. అలాగని నెయ్యి ధారగా పోస్తే బరువు పెరుగుతుంది, క్లోమగ్రంథి వాచే ప్రమాదమూ ఉంది, అందుకే పావు చెంచాతో ఆపుతున్నాను. ముద్దలో కూరల పులుసు కలపను, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు కుక్క రక్తకణాలను చితికిస్తాయి.

డాక్టరు చెప్పినట్టు మొదటి వారం రోజుకు ఒక మాత్ర, ఆ తర్వాత రెండు ఇచ్చాను. స్విట్జర్లాండ్ పరిశీలనలోని లెక్క ప్రకారం మల్లికి ఇంకా కొంచెం ఎక్కువే పడుతుంది, అయితే దాని కడుపు చరిత్రను చూసి ఆయన తక్కువలోనే ఉంచారు. రెండో మాత్ర మొదలైన నాలుగో రోజు విరేచనం పలచనైంది. ఒక మాత్రకు తగ్గించి, ఐదు రోజులాగి మళ్లీ పెంచితే సర్దుకుంది. ఆ తర్వాత వాంతి గాని, నల్లటి విరేచనం గాని, తిండి మానడం గాని ఒక్కరోజు కూడా లేదు. రెండు నెలలకొకసారి చేయించే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగలేదు, కాలేయం లెక్కలూ మారలేదు.

మేలు జరిగిందా లేదా అన్నది కళ్లతో చూసి చెప్పడం కష్టం, ఎందుకంటే ప్రేమ ఉన్నచోట కళ్లు తమకు కావలసిందే చూస్తాయి. అందుకని మాత్రలు మొదలుపెట్టక ముందు నెల నుంచే ఒక నోటు పుస్తకంలో మూడు సంగతులు రాస్తూ వచ్చాను: పొద్దున లేవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించింది, వీధి చివర వేపచెట్టు దాకా ఆగకుండా నడిచిందా, ఆ రోజు మెలాక్సికామ్ ఇవ్వాల్సి వచ్చిందా. మొదటి నెల లెక్కలో మెలాక్సికామ్ 9 రోజులు ఇచ్చాం. పొద్దున లేవడానికి ఎక్కువ రోజులు మూడు ప్రయత్నాలు పట్టాయి. వేపచెట్టు దాకా వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. శల్లకి మొదలైన పదిహేను రోజుల దాకా పుస్తకంలో ఏ మార్పూ లేదు, డబ్బులు దండగ అనుకున్నాను. నాలుగో వారంలో ఒక పొద్దున అది మొదటి ప్రయత్నంలోనే లేచి నిలబడి, ఒళ్లు విరుచుకుని, తలుపు దగ్గరికి వచ్చింది. ముందు కాళ్లు చాచి వెనుక భాగం పైకెత్తి ఒళ్లు విరుచుకోవడం అది మానేసి ఏడాది దాటిందని నాకప్పుడే గుర్తుకొచ్చింది. భాద్రపదం నాటికి మెలాక్సికామ్ రోజులు 4కు తగ్గాయి, వేపచెట్టు దాటి రెండో సందు మలుపు దాకా నడిచింది.

కార్తీకంలో తుపాను వానలు పట్టుకున్నప్పుడు ఆ లెక్క తిరగబడింది. అదే సమయంలో అంగడిలో మాత్రలు అయిపోయి పదకొండు రోజులు ఇవ్వలేకపోయాను. ఆ నెలలో మెలాక్సికామ్ 7 రోజులు పట్టింది, మల్లి మళ్లీ రెండు మూడు ప్రయత్నాలకు గాని లేవలేదు. మాత్రలు ఆగడం వల్ల అలా జరిగిందని చెప్పడానికి నాకు మనసుపడుతుంది, అయితే చలి, తేమ, నడక లేకపోవడం మూడూ ఒకేసారి వచ్చాయి కాబట్టి మొత్తం కారణం దాని మీద మోపడం న్యాయం కాదు. మాత్రలు తిరిగి మొదలైన మూడు వారాలకు పాత దారికి వచ్చింది, కిందటి నెలలో మెలాక్సికామ్ 3 రోజులు మాత్రమే ఇచ్చాం.

ఈ మేలులో శల్లకి వంతు ఎంత, బరువు తగ్గడం వంతు ఎంత అని ఎవరైనా అడిగితే, బరువుదే పెద్ద వంతని నిస్సంకోచంగా చెబుతాను. ఆషాఢంలో 36 కిలోలున్న మల్లి ఇప్పుడు 31 కిలోలుంది. 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, తమతో జత చేసిన తోబుట్టువుల కంటే పాతిక శాతం తక్కువ తిండి తిన్నవి సుమారు 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల అరుగుదల కూడా చాలా ఆలస్యంగా వచ్చింది. మా ఇంట్లో ఇది అమలు చేయడం మాత్రలు మింగించడం కంటే కష్టమైంది, ఎందుకంటే మా అత్తగారు తాను తినే ప్రతి ముద్దలోనూ దానికి వాటా ఉంచుతారు. ఆమెకు ఎక్స్-రే చూపించి, ఒక్కో కిలో బరువు ఆ అరిగిన గుంట మీదనే పడుతుందని చెప్పాక, ముద్దకు బదులు కీరకాయ ముక్క పెడుతున్నారు. పాలరాయి వంటి నున్నటి బండల మీద దాని వెనుక కాళ్లు జారకుండా గదిలో కొబ్బరిపీచు పట్టలు పరిచాం. మిద్దె మెట్లకు అడ్డంగా చిన్న తడిక కట్టాం. వేసవిలో తెల్లవారుజామున ఐదు గంటలకు, రోడ్డు కాలకముందే, నడిపిస్తున్నాం.

నొప్పి తగ్గుతుందని కర్పూర తైలం, వింటర్‌గ్రీన్ నూనె ఉన్న నొప్పి లేపనాలు రాయవద్దు. కుక్క నాకకుండా ఉండదు, అవి కడుపులోకి పోతే విషమే. చర్మం జబ్బు వంటి వాటి కోసం స్టెరాయిడ్లు వాడుతున్న కుక్కలకు నొప్పి మాత్రలు కలిపి ఇవ్వకూడదన్న సంగతి కూడా డాక్టరు నాకు ప్రత్యేకంగా చెప్పారు. శల్లకి మొదలుపెట్టే ముందు అప్పటికే వాడుతున్న మందుల చీటీ అంతా ఆయనకు చూపించాలి. ఉన్నట్టుండి ఒక కాలు మోపలేకపోవడం, వెనుక భాగం పూర్తిగా పడిపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం వంటివి కనిపిస్తే మూలికలతో రోజులు గడపకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఖర్చు విషయానికి వస్తే 60 మాత్రల డబ్బా నాకు 450 రూపాయలు పడుతోంది, మల్లికి అది సరిగ్గా నెలకు సరిపోతుంది. చేపనూనెకు, రక్తపరీక్షలకు అయ్యే ఖర్చు దీనికి వేరు. ఆ అంగడి మీద నాకున్న ఫిర్యాదులు రెండే. సరుకు ఎప్పుడు అయిపోతుందో ముందుగా చెప్పే పద్ధతి లేదు. కార్తీకంలో జరిగింది మళ్లీ జరగకుండా ఇప్పుడు నేనే పది రోజుల ముందు ఫోను చేసి డబ్బా పక్కన పెట్టిస్తున్నాను. రెండోది, మాత్రల డబ్బాలను ధూపం సామాను, పచ్చకర్పూరం ఉన్న అరలోనే ఉంచుతారు. ఒకసారి డబ్బా తెరిస్తే కర్పూరం వాసన వచ్చింది, మల్లి ముద్దను వాసన చూసి మొహం తిప్పుకుంది. పెద్దాయనకు చెబితే ఆ డబ్బా మార్చి ఇచ్చారు, అర మాత్రం ఇంకా మార్చలేదు. కుక్క కోసమని చెప్పి కొంటే కొన్నిచోట్ల తేలిగ్గా చూస్తారు, ఇక్కడ ఆ చిన్నచూపు లేదు. డబ్బా చేతికిస్తూ "మీ బిడ్డ నడస్తా ఉందా అమ్మా" అని అడుగుతారు, బరువు తగ్గిందంటే మోతాదు మళ్లీ డాక్టరును అడగమని గుర్తుచేస్తారు.

మాత్రలను ఇంట్లో నిలవ ఉంచేటప్పుడు ఒక్క జాగ్రత్త పాటించండి. మొదటి వానలకు మా డబ్బాలోని మాత్రలు చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, జిగురు సారం కదా. అప్పటి నుంచి బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో, గుడ్డలో కట్టిన రెండు గుప్పెళ్ల వేయించిన బియ్యంతో పాటు ఉంచుతున్నాను, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. తర్వాతి రక్తపరీక్ష చైత్రంలో ఉంది. క్రియాటినిన్ ఇప్పటిలాగే నిలిస్తే వేసవి అంతా ఇదే మోతాదు కొనసాగించమని, పెరిగితే శల్లకితో సహా అన్నీ ఆపి తీసుకురమ్మని డాక్టరు చీటీ మీద రాసిచ్చారు.